ఎదిగే ఎముకకు గడువుంది

పోయినేడు ఎండాకాలంలో మిర్యాలగూడ దగ్గరి ఒక ఊళ్ళో పెద్దమనిషి ఫంక్షన్‌కి వెళ్ళాను. పిల్ల తల్లి మా మహిళా సంఘంలో సభ్యురాలు, రైసుమిల్లులో కూలికి పోతుంది. టెంటు వేశారు, మేకను కోశారు, ఫోటోలు తీసేవాణ్ణి పిలిచారు. అంతా అప్పే. ఇలాంటి ఫంక్షన్లు వద్దని మీటింగుల్లో చెప్పే మేమే పిలిస్తే కాదనలేక పోతుంటాం, ఆ సంగతి వేరే. పట్టుచీర కట్టుకున్న ఆ పన్నెండేళ్ళ పిల్ల నా కాళ్ళు మొక్కడానికి వంగింది. వంగినప్పుడు వీపు కుడిపక్క ఉబ్బెత్తుగా లేచింది. ఎడమపక్క లేవలేదు.

తల్లిని పక్కకు పిలిచి అడిగాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఎరుకేనక్కా. జాకెట్ కుట్టే ఆమె గూడ అన్నది, రెండు భుజాల కొలత కలుస్తలేదని. మా అత్త ఏమన్నదంటె, ఊకోవే, చీర కట్టుకుంటె కనపడదు గద అన్నది."

చీర కట్టుకుంటే కనపడదు! ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు. ఆ అత్త దుర్మార్గురాలేం కాదు. మనవరాలి పెళ్ళి గురించి భయపడే ముసలామె. ఆమెకి తెలియనిదల్లా ఒకటే. వంకరను చీర దాస్తుంది గాని పెరగకుండా ఆపదు. దాచిపెట్టిన ప్రతి నెలా ఆ పిల్లకు బాగయ్యే అవకాశం లోంచి ఒక నెల తరిగిపోతుంది. ఆమెకే కాదు, చాలా ఏళ్ళుగా హక్కుల గురించి మాట్లాడుతున్న నాకూ ఈ సంగతి ఆలస్యంగానే తెలిసింది. అందుకే రాస్తున్నాను.

ఎదుగుదలే మందు

పిల్లల ఎముక పెద్దవాళ్ళ ఎముక లాంటిది కాదు. దాని చివర్లలో మెత్తటి పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఎదుగుదల పూర్తయ్యాక ఆ పొర గట్టిపడి మూసుకుపోతుంది. ఆడపిల్లల్లో అది సుమారు 13 నుంచి 15 ఏళ్ళ మధ్య మూసుకుంటుంది, మగపిల్లల్లో దాదాపు రెండేళ్ళు ఆలస్యంగా. పొర తెరిచి ఉన్నంతకాలం వంకర ముదరనూ వచ్చు, డాక్టరు దాన్ని దారికి తేనూ వచ్చు. మూసుకున్నాక మిగిలేది ఎముకను కోసి తిప్పే పెద్ద ఆపరేషనే.

మోకాలి దగ్గర వంగిన కాలినే చూడండి. పిల్ల ఎదుగుతూ ఉంటే పొరకు ఒక పక్కన చిన్న లోహపు పలక బిగిస్తారు. ఆ పక్క ఎదుగుదల ఆగుతుంది, రెండో పక్క ఎదుగుతూ వచ్చి కాలు తనంత తానే తిన్నబడుతుంది. చిన్న కోత, కొద్ది రోజుల్లో నడక. అదే పిల్లను ఎదుగుదల ఆగాక తీసుకుపోతే తొడ ఎముకనో కాలి ఎముకనో కోసి, పలకలు వేసి, నెలల తరబడి మంచాన పెట్టాలి. రోగం ఒకటే. మారింది తేదీ.

పుట్టుకతో పాదం లోపలికి మెలిదిరిగిన పిల్లలు ప్రపంచమంతా దాదాపు వెయ్యికి ఒకరు పుడతారు. దీనికి అమెరికాలోని అయోవాలో పనిచేసిన పొన్సెటి అనే డాక్టరు ఒక పద్ధతి కనిపెట్టాడు. పుట్టిన కొద్ది వారాల్లోనే మొదలుపెట్టి, వారం వారం పాదాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ ఐదారు పిండికట్లు వేస్తారు. చాలామందికి మడమ నరాన్ని చిన్నగా కోయాల్సి వస్తుంది. ఆ తర్వాత మొదటి మూడు నెలలు పగలూ రాత్రీ, ఆపైన నాలుగైదేళ్ళ వయసు వచ్చేదాకా రాత్రిపూట, కడ్డీతో కలిపిన బూట్లు తొడగాలి. పెద్ద ఆపరేషన్‌తో పనిలేకుండా ఎక్కువమంది పిల్లలు నడుస్తారు. కానీ బూట్లు మానేస్తే పాదం మళ్ళీ తిరుగుతుంది. ఎన్నేళ్ళు వేయాలో తల్లికి విడమరిచి చెప్పేవాళ్ళు లేకపోతే, చినిగిన బూట్లకు బదులు ఇచ్చేవాళ్ళు లేకపోతే, పడిన కష్టమంతా వృథా.

ఇక వెన్నెముక. పక్కకు వంగే వెన్ను కౌమారంలో బయటపడుతుంది. చిన్న వంకరలు ఆడా మగా తేడా లేకుండా వస్తాయి. ముదిరి, వైద్యం అవసరమయ్యే పెద్ద వంకరలు మాత్రం ఆడపిల్లల్లోనే చాలా ఎక్కువ. వంకర వేగంగా పెరిగేది పిల్ల ఒక్కసారిగా పొడుగయ్యే ఆ ఒకటి రెండేళ్ళలో, అంటే పెద్దమనిషి కావడానికి కాస్త ముందు. బహిష్టు మొదలయ్యాక ఎదుగుదల నెమ్మదించి సుమారు రెండేళ్ళలో ఆగుతుంది. వంకర మధ్యస్థంగా ఉండి పిల్ల ఇంకా ఎదుగుతుంటే నడుముకు గట్టి ప్లాస్టిక్ పట్టా వేస్తారు. ఇది పనిచేస్తుందా లేదా అని చాలాకాలం వాదన నడిచింది. 2013లో వెలువడిన ఒక పెద్ద అమెరికా, కెనడా అధ్యయనం ఆ వాదన తేల్చింది. పట్టా వేసుకున్న వాళ్ళలో 72 శాతం మందికి వంకర ఆపరేషన్ దాకా పోలేదు. వేసుకోని వాళ్ళలో 48 శాతం మందికే అలా జరిగింది. రోజుకు 13 గంటలకు తగ్గకుండా వేసుకున్న పిల్లల్లో పదింట తొమ్మిది మందికి మేలు జరిగింది.

ఇప్పుడు మన ఆచారం చూడండి. పిల్ల పెద్దమనిషి అయిన రోజున మనం చీర కట్టి వీపు కప్పేస్తాం. అప్పటిదాకా గౌనులో, పరికిణీలో పదిమందికీ కనిపించిన వీపు, వైద్యానికి రెండేళ్ళ గడువు మిగిలిన సరిగ్గా ఆ రోజునే మరుగున పడుతుంది. ఇది ఎవరో పనిగట్టుకుని చేసిన కుట్ర కాదు. అయినా ఫలితం కుట్రకంటే తక్కువేం కాదు.

"ఎదిగితే అదే సర్దుకుంటది"

మన ఊళ్ళలో ఈ మాట వినని తల్లి లేదు. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇది ప్రమాదం. నడక నేర్చే పిల్లల కాళ్ళు దొడ్డికాళ్ళుగా ఉండటం మామూలే, రెండేళ్ళకు సర్దుకుంటాయి. మూడు నాలుగేళ్ళప్పుడు మోకాళ్ళు రాసుకుని పాదాలు ఎడంగా పోవటమూ మామూలే, ఏడేళ్ళకల్లా సర్దుకుంటుంది. ఏడేళ్ళు దాటినా తగ్గకపోతే, ఒక్క కాలే వంగితే, నొప్పి ఉంటే, పిల్ల తోటివాళ్ళకంటే పొట్టిగా ఉండిపోతే, అది సర్దుకునే రకం కాదు. విటమిన్ డి, కాల్షియం లేక ఎముక మెత్తబడి ఉండవచ్చు. దానికి మందుంది, చౌకది. వెన్ను మధ్యలో ఎముక పొడుచుకొచ్చి గూనిలా కనిపిస్తే క్షయ అయి ఉండవచ్చు. దానికీ మందుంది, ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. కానీ ఏది సర్దుకునేదో, ఏది సర్దుకోనిదో ఎవరు చెప్పాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చెప్పాలి. ఆ బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వచ్చి పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని చూడాలి. వాళ్ళు చూడాల్సిన ముప్పై సమస్యల జాబితాలో మెలిదిరిగిన పాదం ఉంది, తప్పిన తుంటి ఉంది, విటమిన్ డి లోపం ఉంది. కౌమారంలో పక్కకు వంగే వెన్ను పేరు మాత్రం లేదు. ఆడపిల్లల్లోనే ముదిరే సమస్య జాబితాలో లేకపోవటం యాదృచ్ఛికమేనా అని అడగటానికి మనకు హక్కుంది.

బడిలో వెన్ను పరీక్ష అనవసరమనే వాదన కూడా ఉంది. అమెరికాలో ప్రభుత్వానికి సలహా ఇచ్చే నిపుణుల బృందం, బడుల్లో అందరికీ ఈ పరీక్ష చేయమనడానికీ వద్దనడానికీ ఆధారాలు చాలవని 2018లో చెప్పింది. దీన్ని మనకు చూపించేవాళ్ళు ఒకటి మరిచిపోతారు. అక్కడ చాలామంది పిల్లలకు ఏటా చూసే డాక్టరు ఉంటారు. ఇక్కడ జాకెట్ కుట్టే ఆమె తప్ప పిల్ల వీపు చూసేవాళ్ళు లేరు.

నేను రాసిచ్చిన దరఖాస్తు

ఇతరుల తప్పులు ఎంచేముందు నా తప్పు చెప్పుకోవాలి. 2016లో సూర్యాపేట దగ్గరి తండా నుంచి ఒక తల్లి తొమ్మిదేళ్ళ కూతుర్ని తీసుకొచ్చింది. మోకాళ్ళు తగులుకుని పాదాలు జానెడు దూరం పోయేవి. బడిలో ఏడిపిస్తున్నారని పిల్ల ఏడ్చింది. నేనేం చేశాను? వికలాంగుల పింఛనుకు దరఖాస్తు రాశాను. సదరం క్యాంపుకు దగ్గరుండి తీసుకెళ్ళాను. లైన్లో నిలబెట్టాను, సర్టిఫికెట్ ఇప్పించాను. నెలకు 1500 రూపాయలు మంజూరయ్యాయి. సంఘం నివేదికలో దాన్ని మా విజయాల కింద రాసుకున్నాం.

క్యాంపులో కూర్చున్న డాక్టరు శాతం లెక్కకట్టాడు. ఈ కాలు బాగవుతుందా అని అతను చెప్పలేదు. నేను అడగలేదు.

ఐదేళ్ళ తర్వాత మోకాళ్ళ నొప్పులతో ఆ పిల్లను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఫోటో తీసి చూసిన డాక్టరమ్మ, "తొమ్మిదేళ్ళప్పుడు తెస్తే చిన్న పలకతో పోయేది. ఇప్పుడు ఎదుగుదల అయిపోయింది, రెండు కాళ్ళ ఎముకలూ కోయాలి" అంది. తల్లి నా ముఖం చూసింది. ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

పింఛను తప్పని నేననటం లేదు. వికలాంగుల పింఛను హక్కు, దాని కోసం కొట్లాడిన వాళ్ళందరికీ దండం. కానీ బాగయ్యే పిల్లకు వైద్యం బదులు పింఛను ఇవ్వటం ప్రభుత్వానికి చౌక బేరం. ఆ బేరానికి నేను సాక్షి సంతకం పెట్టాను. మనలో ఇంకెంతమంది పెట్టామో ఎవరికి వాళ్ళం లెక్క చూసుకోవాలి.

నల్లగొండకు ఈ పాఠం కొత్తదా?

వంగిన ఎముకలంటే ఏమిటో ఈ దేశంలో ఉమ్మడి నల్లగొండ జిల్లాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇక్కడి ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ వైద్య పత్రికలో సిద్ధిఖీ అనే డాక్టరు రాశాడు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగే ప్రాంతాల్లో మోకాళ్ళు వంగిపోతున్న సంగతిని 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లోకానికి చెప్పారు. పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టుకుంది. అయినా నీళ్ళు రాలేదు. 1955లో పునాది పడిన సాగర్ ఆనకట్ట ఈ జిల్లా నేలమీదే ఉంది. ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ పొలాలను తడిపింది. పడమటి మండలాలైన మర్రిగూడ, మునుగోడు బోరు నీళ్ళు తాగి వంగిపోయాయి.

1996 పార్లమెంటు ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపుతో నల్లగొండలో నామినేషన్లు వెల్లువెత్తి, చివరికి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. ఆ ఏడే చట్టం మార్చి డిపాజిట్ 500 రూపాయల నుంచి పదివేలకు పెంచారు. మర్రిగూడ మండలం శివన్నగూడెంకు చెందిన అంశాల స్వామి తన వంగిన శరీరాన్నే సాక్ష్యంగా చూపిస్తూ నీళ్ళ కోసం బతుకంతా పోరాడి 2023లో కన్నుమూశాడు. ఈ పోరాటాల ఒత్తిడితోనే కృష్ణా నీళ్ళు నల్లాల్లోకి వచ్చాయి.

నీళ్ళు వచ్చాయి, మంచిదే. కానీ నీళ్ళ పోరాటం ఎముకను కూడా రాజకీయ ప్రశ్న చేసింది. ఆ సంగతి మనం మరిచాం. ఫ్లోరైడ్ గురించి ఊరంతా రోడ్డెక్కింది, ఎందుకంటే అది ఊరందరికీ వచ్చింది. ఒక్కో ఇంట్లో ఒక్కో పిల్లకు వచ్చిన వంకర ఆ ఇంటి కర్మగా మిగిలిపోయింది. ఆ కర్మను మళ్ళీ తల్లి నెత్తినే వేశారు. గ్రహణం నాడు బయట తిరిగిందని, కడుపుతో ఉండి పార పట్టిందని, మేనరికం చేసుకుందని. మేనరికం వల్ల కొన్ని జబ్బుల ముప్పు పెరిగే మాట నిజమే. కానీ ఆ పెళ్ళి ఆమె కుదుర్చుకుందా? గ్రహణానికీ పిల్ల పాదానికీ ఏ సంబంధమూ లేదు. బిడ్డను ఎక్కడ చూపించాలో చెప్పకుండా, తప్పెవరిదో మాత్రం అందరూ చెబుతారు.

బస్సు ఉచితమే, అయినా

2023 డిసెంబరు నుంచి మన ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. ఇక హైదరాబాద్ పోవటానికి అడ్డేముంది అని ఒక అధికారి నన్నడిగారు. సూర్యాపేట నుంచి హైదరాబాద్ 130 కిలోమీటర్ల పైమాట, కోదాడ నుంచి ఇంకో 40 ఎక్కువ. పోను ఒక రోజు, ఫోటోకి ఒక రోజు, పట్టా కొలతకు ఒక రోజు, సరిచేయడానికి ఇంకో రోజు. ప్రతిసారీ తల్లి కూలి పోతుంది. ఇంట్లో చిన్నపిల్లల్ని చూసేవాళ్ళుండరు. నాట్ల కాలంలో అయితే మేస్త్రీ మళ్ళీ పనికి పిలవడు. కొడుకు కోసం ఇవన్నీ ఓర్చుకునే ఇల్లు, కూతురి దగ్గరికి వచ్చేసరికి "పంట చేతికొచ్చినంక చూద్దాం" అంటుంది. ఇంకోపక్క మగపిల్లాడికి రెండేళ్ళు ఎక్కువ గడువుంది. గడువు ఎక్కువున్నవాణ్ణి ముందు, తక్కువున్నదాన్ని తర్వాత తీసుకుపోతున్నాం!

కొందరు వికలాంగుల హక్కుల మిత్రులు నన్ను ఇంకో ప్రశ్న అడిగారు. "శరీరాన్ని సరిచేయాలనటం వైకల్యాన్ని అవమానించటం కాదా? మారాల్సింది సమాజం కదా?" నిజమే, సమాజం మారాలి. పెళ్ళి మార్కెట్ కోసం పిల్ల వీపు తిన్నగా ఉండాలని నేను అనటం లేదు. వంకర వీపుతో బతికే స్త్రీకి గౌరవం, చదువు, పని అన్నీ దక్కాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం వికలాంగులైన స్త్రీల, పిల్లల సమాన హక్కులను ప్రత్యేకంగా చెప్పింది కూడా. కానీ బాగా ముదిరిన వంకర ఊపిరితిత్తులను నొక్కుతుంది, నొప్పి పెడుతుంది. వైద్యం కావాలో వద్దో తేల్చుకునే హక్కు ఆ పిల్లది. గడువు దాటిపోయాక తేల్చుకోవటానికి ఏం మిగులుతుంది?

ఏం అడగాలి

క్యాంపులు చాలు. ఏడాదికోసారి టెంటు వేసి, కొలతలు తీసుకుని, ఫోటోలు దిగి పోయే క్యాంపు ఎదిగే పిల్లకు పనికిరాదు. నిరుడు ఇచ్చిన క్యాలిపర్ ఈ ఏడు ఆమె కాలికి పట్టదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో నెలకు రెండు నిర్ణీత రోజులు పిల్లల ఎముకల కోసం కేటాయించాలి. సూర్యాపేటలోనూ నల్లగొండలోనూ 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, డాక్టర్లు దొరకరనే సాకు చెల్లదు. పిండికట్లు, బూట్లు, నడుము పట్టాలు ఈ మూడు చోట్లే ఇచ్చి, పిల్ల ఎదిగినకొద్దీ మార్చాలి. ఐదో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా ఆడపిల్లల వీపును, కస్తూర్బా, గురుకుల హాస్టళ్ళతో సహా, ఏడాదికి రెండుసార్లు ఏఎన్ఎం ఒక గదిలో విడిగా చూడాలి. చేయాల్సిందల్లా ముందుకు వంగమని వెనకనుంచి చూడటమే. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు సర్టిఫికెట్ ఇచ్చే ప్రతి డాక్టరూ శాతంతో పాటు వైద్యం ఉందా, ఎప్పటిలోగా చేయాలి అనేది రాసివ్వాలి. వెంట వచ్చే తల్లికి పోయిన కూలి ఇవ్వాలి. ఎంతమందిని గుర్తించారో, ఎంతమందికి వైద్యం పూర్తయిందో ఆడా మగా విడివిడిగా లెక్క చెప్పాలి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం మన చేతిలోనే ఉంది.

ప్రభుత్వం కదిలేలోగా మన సంఘాలు చేయగలిగింది కూడా ఉంది. ఊళ్ళో కుట్టుమిషన్ అక్కలందరితో ఒకరోజు కూర్చుని మాట్లాడండి. రెండు భుజాల కొలత కలవని పిల్ల వస్తే జాకెట్ సరిచేసి ఊరుకోవద్దని, మనకు చెప్పమని అడగండి.

ఆ మిర్యాలగూడ పిల్లకు ఫోటో తీయించాం. వంకర పట్టాతో ఆగే దశలోనే ఉందన్నారు. ఎదుగుదల ఇంకా ఏడాదిన్నర దాకా ఉండొచ్చన్నారు. పట్టా తొడిగిన మొదటి నెల ఉక్కపోతకు ఒళ్ళంతా పొక్కింది, రెండుసార్లు విప్పి మూలన పడేసింది. "ఇది ఏసుకుంటె అందరు చూస్తున్రు పెద్దమ్మా" అని నాతో పోట్లాడింది. నాయనమ్మ ఇప్పుడు లోపల వేయడానికి పాత నూలు చీరలు చింపి మెత్తటి బనియన్లు కుట్టిస్తోంది. ఎన్ని గంటలు వేసుకుందో గోడమీద బొగ్గుతో గీతలు పెడుతోంది. నేను పోయినవారం వెళ్ళినప్పుడు ముందురోజు కింద పదకొండు గీతలున్నాయి. ఇంకో రెండు కావాలని చెప్పి వచ్చాను.